తిథి ఉన్న రాళ్లు

విగ్రహాలు, స్తూపాలు, వీరగల్లులు, సమాధులు తెలుగునేల నిండా ఉన్నాయి. కొన్నింటి దగ్గర ఇంకా పూలు పడుతున్నాయి. మిగతావాటి మీద పోస్టర్లు పడుతున్నాయి. తేడా ఎక్కడుంది?

హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఓ పాత చింతచెట్టు ఉంది. రోగులు, వాళ్ల వెంట వచ్చినవాళ్లు, చీటీలు పట్టుకుని పరుగెత్తే వార్డుబాయ్‌లు రోజంతా దాని పక్కనుంచే వెళ్తుంటారు. ఆగి చూసేవాళ్లు తక్కువ. ఏడాదిలో ఒక్క సెప్టెంబర్ 28న మాత్రం కొందరు పనిగట్టుకుని వచ్చి ఆ చెట్టు కింద సమావేశమవుతారు. 1908లో అదే రోజున మూసీ పొంగి ఊరి మీద పడింది. సుమారు 15 వేలమంది పోయారని అంచనా. ఈ చెట్టెక్కి కొమ్మలు పట్టుకున్న దాదాపు 150 మంది మాత్రం బతికి బయటపడ్డారు. ఉర్దూ రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనీ, కూతుర్నీ పోగొట్టుకుని ఒక్కడే మిగిలాడు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించిందీ, ఆ తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చిందీ ఆ దెబ్బతోనే.

నగరం దిశ మార్చిన ఆ వరదను ఈ తరానికి గుర్తుచేస్తున్నది చెక్కిన రాయి కాదు, చెట్టు. ముసలి చింతచెట్లు మనకు కరువా? దీనికో తేదీ ఉంది, ఆ తేదీకి వచ్చే మనుషులున్నారు. అందుకే ఇది స్మారకమైంది.

మన స్మారకాల సంగతి తరచి చూస్తే ఎక్కడైనా ఇదే కనిపిస్తుంది. ఎవరు కట్టారు, ఎంత ఎత్తు కట్టారు, ఏ రాయి వాడారు అన్నవి మొదటి పదేళ్లకే పనికొస్తాయి. ఆ తర్వాత దాని బతుకంతా ఏడాదికోసారి అక్కడికి వచ్చేవాళ్ల చేతిలో ఉంటుంది.

రాజు నీటిపాలు, వీరుడు దేవుడి పాలు

చనిపోయినవారి పేరిట రాయి నిలపడం మనకు కొత్త కాదు. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకులు విజయపురి నుంచి ఏలినప్పుడే నాగార్జునకొండ లోయలో ఛాయాస్తంభాలు వెలిశాయి. చాంతమూల మహారాజుకు స్తంభం ఉందంటే ఆశ్చర్యం లేదు. అక్కడ యుద్ధంలో పడిన సైనికులకూ స్తంభాలున్నాయి. ఒక చేతిపనివాడికి కూడా ఉంది. పదిహేడు వందల ఏళ్ల కిందట ఒక పనివాడి పేరు రాతిలో నిలపాలని ఎవరికో అనిపించిందన్నమాట. కానీ ఆ స్తంభాల దగ్గర దీపం పెట్టే వంశాలు ఎప్పుడో ఆగిపోయాయి. 1950లలో నాగార్జునసాగర్ డ్యామ్ కోసం లోయను ఖాళీ చేస్తూ తవ్వినప్పుడు అవి పురావస్తువులుగా బయటపడ్డాయి. ఇప్పుడు నాగార్జునకొండ లాంచీ ఎక్కి మ్యూజియానికి వెళ్తే చూడొచ్చు. చూడటం వరకే.

వీరగల్లుల దారి వేరు. ఊరి పశువుల్ని తోలుకుపోతున్న దొంగల్ని అడ్డుకుని చచ్చినవాడికో, ఆడవాళ్ల మానం కాపాడబోయి కత్తికి బలైనవాడికో ఊరు నిలిపిన రాళ్లివి. రాయలసీమలో, తెలంగాణలో ఊరి పొలిమేరల్లో, చెరువు కట్టల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. చాలావాటిలో కింది అంతస్తులో పోరు, నడిమి అంతస్తులో వీరుణ్ని మోసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం ముందు కూర్చున్న అదే వీరుడు, ఆ పైన సూర్యచంద్రులు. చదువు రానివాడికి కూడా కథ అర్థమయ్యేలా చెక్కిన శిల్పి తెలివికి దండం పెట్టాలి. పేరు మాత్రం చాలా రాళ్ల మీద లేదు, ఉన్నా చదవగలిగేవాళ్లు లేరు. ఊరివాళ్లు పసుపు పూసి, బొట్టు పెట్టి, పోతురాజనో వీరభద్రుడనో కొలుస్తారు. చరిత్రకారుడికి ఇది చిరాకు. వీరుడి పేరు పోయి దేవుడి పేరు వచ్చింది కదా! నాకు మాత్రం ఇందులో నష్టం కంటే లాభమే ఎక్కువనిపిస్తుంది. పసుపు పూయని రాళ్లు ఎన్ని బట్టలుతికే బండలయ్యాయో, ఎన్ని కల్వర్టుల్లో కలిసిపోయాయో లెక్క ఎవరి దగ్గరుంది?

తిథి పట్టుకుని నిలిచిన స్మారకానికి తెలుగులో కారెంపూడిని మించిన సాక్ష్యం లేదు. పల్నాటి యుద్ధం పన్నెండో శతాబ్దపు మాట. బ్రహ్మనాయుడు ఒకవైపు, నాయకురాలు నాగమ్మ అండగా నలగామరాజు ఇంకోవైపు. దాయాదుల పోరులో మాచర్ల, గురజాల రెండూ చితికిపోయాయి. యుద్ధం జరిగిన చోట, నాగులేరు పక్కన, వీరుల గుడి వెలసింది. గుడి చిన్నదే. కానీ కార్తీక అమావాస్య వచ్చిందంటే అయిదు రోజులు ఆ ఊరు ఊరులా ఉండదు. మొదటి రోజు రాచగావు, రెండో రోజు రాయబారం, మూడో రోజు మందపోరు, నాలుగో రోజు కోడిపోరు, చివర కళ్లిపాడు. ఆ కథలోని ఘట్టాలన్నీ ఏటా మళ్లీ నడుస్తాయి. తమ వంశాల్లో తరాలుగా దాచుకున్న కొణతాలను, అంటే వీరుల ఆయుధాలను, ఆచారవంతులు ఎక్కడెక్కడినుంచో మోసుకొస్తారు. నాగులేట్లో కడిగి వీరుల ముందు నిలబెడతారు. వీరవిద్యావంతులు కథ ఎత్తుకుంటారు.

మందపోరు నాడు చాపకూడు ఉంటుంది. కులం చూడకుండా ఒకే చాప మీద అన్నం కలిపి తినడం బ్రహ్మనాయుడు పెట్టిన ఆచారమంటారు. మాల కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనాపతిని చేశాడని కథ చెబుతున్న మనిషి అతను. ఆ కథలో ఎంత చరిత్ర, ఎంత కల్పన అని పండితులు వాదించుకోవచ్చు. పల్నాడులో కులం పేరిట నెత్తురు పారిన సందర్భాలు తక్కువేం కాదు, చాపకూడు వాటిని ఆపలేదు కూడా. అయినా కుర్చీలు వేసి ఉపన్యాసం చెప్పించి పంపేసే సభకూ, పక్కవాడి చెయ్యి తగిలేలా కూర్చోబెట్టి అన్నం పెట్టే స్మారకానికీ పోలిక లేదు. ఎనిమిది వందల ఏళ్లు దాటినా అది ఆగకపోవడానికి సగం కారణం ఆ అన్నమే అయుండాలి.

ఇక రాయే అక్కర్లేదనుకుంటే మేడారం ఉంది. కాకతీయ సేనతో పోరాడి పడిన తల్లీకూతుళ్లుగా కోయలు చెప్పుకునే సమ్మక్క, సారలమ్మలకు అక్కడ విగ్రహాల్లేవు. ఉన్నవి గద్దెలు, వెదురు, కుంకుమ భరిణె. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి. లక్షల జనం.

ఏప్రిల్ 20

పాత కాలం సంగతి సరే, మనం చూస్తుండగా పుట్టిన స్మారకాల మాటేమిటి? ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లికి వెళ్దాం.

1981 ఏప్రిల్ 20 సోమవారం. ఇంద్రవెల్లిలో సోమవారం సంత. భూముల పట్టాలు, అడవి ఉత్పత్తుల ధరలు, వడ్డీ వ్యాపారుల దోపిడీ గురించి మాట్లాడుకోవడానికి గిరిజన రైతుకూలీ సంఘం అక్కడ సభ పెట్టుకుంది. చివరి క్షణంలో ప్రభుత్వం అనుమతి లేదంది. ఆ కబురు గూడేలకు చేరేలోపే గోండులు బయల్దేరారు. సంతకు వచ్చినవాళ్లెవరో, సభకు వచ్చినవాళ్లెవరో తేల్చలేని గుంపు మీద పోలీసులు కాల్పులు జరిపారు. 13 మంది చనిపోయారన్నది సర్కారు లెక్క. పౌరహక్కుల సంఘాలు దానికి ఎన్నో రెట్లు చెప్పాయి.

చనిపోయినవారి పేరిట అక్కడ ఎర్రటి స్తూపం లేచింది. 1986లో దాన్ని పేల్చేశారు. మరుసటి ఏడాది గిరిజనాభివృద్ధి సంస్థ చేతుల మీదుగా మళ్లీ లేచింది. ఒకే సర్కారు కాలంలో కూలడం, ఒక సర్కారు సంస్థే కట్టడం. మన పాలనకు ఇంతకన్నా మంచి బొమ్మ గీయలేం. స్తూపం ఉంది కానీ స్తూపం దగ్గరికి పోవడానికి లేదు. ఏటా ఏప్రిల్ 20 దగ్గరపడుతోందంటే నిషేధాజ్ఞలు, దారుల్లో బారికేడ్లు, తనిఖీలు. దశాబ్దాలపాటు ఇదే తంతు. కన్నవాళ్లకు, కట్టుకున్నవాళ్లకు దండం పెట్టుకోవడానికి జనం చాటుమాటుగా వెళ్లాల్సి వచ్చింది.

ఇంద్రవెల్లి తేదీని అందరికంటే శ్రద్ధగా పాటించింది పోలీసు శాఖే! ఒక్క ఏడాదైనా మరిచిపోయి బందోబస్తు పెట్టకుండా ఉంటే, గూడెం పిల్లలకు ఆ రోజు మామూలు రోజయ్యేదేమో. అడ్డుపెట్టిన ప్రతిసారీ ఎందుకు అడ్డుపెడుతున్నారని పిల్లలు అడిగారు, పెద్దలు చెప్పారు. తెలంగాణ వచ్చాక ఆంక్షలు సడలుతూ వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి స్వయంగా వచ్చి స్తూపానికి నివాళులర్పించి, స్మృతివనానికి పునాది వేశారు. మంచిదే. కాకపోతే వనాలకు టికెట్లు, గేట్లు, సమయాలు వస్తాయి. ఏప్రిల్ 20న గేటు తాళం ఎవరి చేతిలో ఉంటుందన్నదే ఇకముందు చూడాల్సింది.

ఇంద్రవెల్లికి దూరం కాని జోడేఘాట్‌లో ఇంకో సంగతి నేర్చుకోవచ్చు. 1940లో కుమ్రం భీం అక్కడ నిజాం పోలీసులతో పోరాడుతూ నేలకొరిగాడు. ఏ తేదీన? పుస్తకానికో తేదీ కనిపిస్తుంది. గోండులకు ఆ బాధ లేదు. అది ఆశ్వయుజ పౌర్ణమి. ఏటా ఆ వెన్నెల నాడు జోడేఘాట్‌కు నడిచి వెళ్తారు, వాళ్ల ఆచారం ప్రకారం పూజ చేస్తారు. తర్వాత సర్కారు కూడా ఆ తిథినే పట్టుకుని వర్ధంతి జరపడం మొదలుపెట్టింది. క్యాలెండర్ అడవికి రాలేదు, అడవి తిథే క్యాలెండర్‌లోకి వచ్చింది.

మన ప్రభుత్వాలకు జయంతులంటే ఉన్న ఇష్టం వర్ధంతులంటే ఉండదు. జయంతి నాడు దండ వేసి లడ్డూ పంచి వెళ్లిపోవచ్చు. వర్ధంతి నాడు ఎలా చచ్చిపోయాడు, ఎవరు చంపారు అన్న ప్రశ్నలు లేస్తాయి. అల్లూరి సీతారామరాజు విషయమే చూడండి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర బ్రిటిష్ సేనలు చెట్టుకు కట్టి కాల్చి చంపిన మనిషి. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఆయన పేరిట అతి పెద్ద ఉత్సవం మాత్రం 2022 జూలై 4న, 125వ జయంతికి భీమవరంలో, 30 అడుగుల కంచు విగ్రహంతో జరిగింది. పొరపాటు లేదు, పూర్వీకుల జిల్లాకు మల్లే పుట్టినరోజుకూ హక్కుంటుంది. అయితే మన్యం మాత్రం మరణాన్ని మోస్తోంది.

అదే మన్యం అంచున, నర్సీపట్నంలో ఇంకో రెండు సమాధులున్నాయి. 1922 సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో రామరాజు దళం చేతిలో చనిపోయిన స్కాట్ కవర్డ్, హేటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులవి. రాతి మీద పేర్లున్నాయి, తేదీ ఉంది. ఆ తేదీకి పూలు తెచ్చేవాళ్లే లేరు. సామ్రాజ్యం వెళ్లిపోయేటప్పుడు తన మనుషుల్ని తీసుకెళ్లలేదు.

పరాయివాడైతే మరిచిపోతామని కూడా అనలేం. నిజాం సైన్యంలో పనిచేసిన ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో చనిపోతే, హైదరాబాద్‌లో ఓ గుట్ట మీద పూడ్చి నల్లరాతి స్తంభం నిలిపారు. ముస్లింలకు మూసా రహీం, హిందువులకు మూసా రామ్ అయి, చాలాకాలం ఉర్సు కూడా జరిపించుకున్నాడు. ఉర్సు ఆగింది. పక్కనున్న మంటపం గాలివానకు కూలితే మళ్లీ కట్టాల్సి వచ్చింది. పేరు మాత్రం మూసారాంబాగ్ సిటీబస్సుల బోర్డుల మీద ఇప్పటికీ తిరుగుతోంది. గోదావరి డెల్టాలో కాటన్ దొర పరిస్థితి ఇంకా మెరుగు. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. మే 15న ఆయన జయంతికి రైతులు దండలు వేస్తారు, పుష్కరాల్లో ఆయన పేరిట పిండం పెట్టేవాళ్లూ ఉన్నారు. పంట ఏటా వస్తుంది కాబట్టి కృతజ్ఞత కూడా ఏటా వస్తుంది.

ఊరి నడుమ, అల ఆగిన చోట

స్మారకాన్ని ఎక్కడ పెట్టాలన్నది చిన్న ప్రశ్నేం కాదు. అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి చంపారు. పోయినవాళ్లను శ్మశానానికి పంపకుండా ఊరి నడుమే పూడ్చారు. ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. విచారణకు ప్రత్యేక కోర్టును కూడా ఆ ఊళ్లోనే నడిపించేదాకా ఉద్యమం ఊరుకోలేదు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. తీర్పులు అటూ ఇటూ అయ్యాయి, సమాధులు మాత్రం కదల్లేదు. ఆ వీధిన వెళ్లే ప్రతివాడూ, చంపిన పక్షానివాడైనా సరే, వాటిని చూసుకుంటూ వెళ్లాల్సిందే. ఊరవతల ఎక్కడో పెట్టిన నిలువెత్తు పాలరాయికి ఆ శక్తి రాదు.

సిద్దిపేట జిల్లా భైరాన్‌పల్లి బురుజు సంగతీ ఇలాంటిదే. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైన్యం ఊరి మీద పడినప్పుడు జనం ఆ బురుజెక్కి ఎదిరించారు. పోరు ముగిశాక ఊచకోత. వందకు అటూ ఇటూగా ప్రాణాలు పోయాయి. ఆ బురుజుకు శిల్పి అక్కర్లేదు, పైకి చూస్తే చాలు.

చోటు విషయంలో నాకు అన్నింటికంటే నచ్చేది దివిసీమ. 1977 నవంబర్ 19న తుఫానుతోపాటు సముద్రం లేచి నేల మీదికి వచ్చింది. తాటిచెట్టంత అల అని ఇప్పటికీ అక్కడివాళ్లు చెబుతారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్లమీదుగా పోతూ అది ఇళ్లను, పశువులను, మనుషులను ఒక్కటి చేసి తోసుకెళ్లింది. సుమారు 10 వేలమంది పోయారు. మృతుల పేరిట స్మారకం కట్టాలనుకున్నప్పుడు దాన్ని తీరంలో పెట్టలేదు, జిల్లా కేంద్రంలోనూ పెట్టలేదు. అవనిగడ్డ దగ్గర, ఉప్పెన వచ్చి ఆగిన చోట పెట్టారు.

ఆలోచించిన కొద్దీ ఇదెంత గొప్ప నిర్ణయమో తెలుస్తుంది. ఆ స్తూపం దగ్గర నిలబడి సముద్రం వైపు చూస్తే నీళ్లు కనబడవు. పొలాలు, కాలువలు, చెట్లు. అంతదూరం నుంచి ఇక్కడిదాకా వచ్చిందా అన్న ఊహే ఒళ్లు జలదరింపజేస్తుంది. అది స్మారకం, కొలబద్ద, హెచ్చరిక మూడూను. ఆ తర్వాత తీరం పొడవునా కట్టిన తుఫాను షెల్టర్ల వెనక ఉన్నది ఆ రాత్రే. నవంబర్ 19న ఇప్పటికీ అక్కడ నివాళులు జరుగుతాయి. ఆ రాత్రి చూసినవాళ్లు ఇప్పుడు అరవైలు, డెబ్బైల్లో ఉన్నారు. వాళ్ల తర్వాత ఎవరు వస్తారన్న భయం ఉంది కానీ, బంగాళాఖాతం ప్రతి నవంబర్‌లోనూ ఏదో ఒక వాయుగుండంతో గుర్తుచేస్తూనే ఉంటుంది.

బోర్డులు, ఫలకాలు, విగ్రహాలు

ఇక అధికారిక గుర్తుల సంగతి. పురావస్తు శాఖ నీలిరంగు బోర్డు చూడని తెలుగువాడు ఉండడు. కట్టడం జాతీయ ప్రాముఖ్యం గలదనీ, పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, లేదా రెండూ గానీ తప్పవనీ ఆ బోర్డు చెబుతుంది. ఆ కట్టడంలో ఏం జరిగిందో మాత్రం చాలాచోట్ల చెప్పదు. వచ్చినవాడికి శిక్ష ఏమిటో వివరంగా, వచ్చింది దేనికో క్లుప్తంగా. శిలాఫలకాల సంగతి సరేసరి. ఆ రాతి మీద కార్యక్రమం పేరు ఒక లైను, నాయకుల పేర్లు పదిహేను లైన్లు. ప్రభుత్వం మారితే ఫలకం పగులుతుంది. ఎవరూ కంటతడి పెట్టరు, పెట్టాల్సిన పనీ లేదు.

ట్యాంక్‌బండ్ విగ్రహాలు వేరే కథ. 1980లలో ఎన్టీఆర్ ప్రభుత్వం హుస్సేన్‌సాగర్ కట్ట మీద ముప్పైకి పైగా తెలుగు మహనీయుల్ని నిలబెట్టింది. అందంగానే ఉంది. కానీ ఏ ప్రాంతంవాళ్లు ఎంతమంది అన్న లెక్క ఆనాటినుంచే తెలంగాణ గుండెల్లో ముల్లయింది. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌లో ఆ కోపం విగ్రహాల మీద తిరిగింది, పదికి పైగా కూలాయి. కవులేం పాపం చేశారని చాలామంది బాధపడ్డారు, నేనూ బాధపడ్డాను. బాధ తగ్గాక ఒకటి తట్టింది. అంతమంది మహనీయుల్ని ఒకే వరుసలో, ఒకే ఎత్తులో, ఒకే హుకుంతో నిలబెట్టినప్పుడు వాళ్లందరూ ఆ హుకుం ఇచ్చిన సర్కారు మనుషుల్లాగే కనబడతారు. విగ్రహాలను మళ్లీ నిలబెట్టారు. తర్వాతి కాలంలో కుమ్రం భీం కూడా ఆ కట్ట మీదికి వచ్చాడు. ఆ కట్టకు ఎదురుగా నీళ్లలో నిలుచున్న బుద్ధుడిదీ ఓ మార్చి 10 కథే. 1990లో అదే తేదీన తెప్ప ఒరిగి విగ్రహం మునిగింది, ప్రాణాలు కూడా పోయాయి. 1992 డిసెంబర్‌లో గానీ బుద్ధుణ్ని నిలబెట్టలేకపోయారు. ఆ ప్రమాదంలో పోయినవాళ్ల పేర్లు బోటింగ్‌కు వెళ్లే ఎంతమందికి తెలుసు?

ట్యాంక్‌బండ్ నుంచి అసెంబ్లీ వైపు వస్తే గన్‌పార్క్. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో చనిపోయిన 369 మంది కోసం 1970 ఫిబ్రవరిలో అక్కడ పునాదిరాయి పడింది. శిల్పి ఎక్కా యాదగిరిరావు. అప్పటి తెలంగాణ జిల్లాలు తొమ్మిది కాబట్టి స్తూపంలో ఆ తొమ్మిదిని పొదిగాడు, పైన తొమ్మిది రేకుల పువ్వును పెట్టాడు. ఓడిన ఉద్యమానికి కట్టిన స్తూపం అది. పూర్తికావడానికే ఏళ్లు పట్టింది. తర్వాత నాలుగు దశాబ్దాలు, ధర్నాకు బయల్దేరిన ప్రతి గుంపూ ముందు అక్కడ ఆగి దండం పెట్టి కదిలింది. ఉద్యమం గెలిచింది. 2023 జూన్ 22న హుస్సేన్‌సాగర్ పక్కన స్టెయిన్‌లెస్ స్టీల్‌తో, దీపం ఆకారంలో, కోట్ల ఖర్చుతో కొత్త అమరవీరుల స్మారకం ప్రారంభమైంది. రాత్రిపూట దీపాల వెలుగులో మెరిసిపోతుంది, ఫొటోలకు బాగుంటుంది. అయినా రాష్ట్రావతరణ దినం జూన్ 2 వచ్చిందంటే, ముఖ్యమంత్రి ఏ పార్టీవాడైనా కాన్వాయ్ మొదట ఆగేది గన్‌పార్క్ దగ్గరే.